జవాబు లేని ఆరక్షరాలు

పెళ్లి సెలవు ముగిసి ఆమె మళ్లీ పత్రికాఫీసు మెట్లెక్కిన పొద్దున లోకంలో పాతవన్నీ కొత్తగా కనిపించాయి. రెండంతస్తుల టిఫిన్ డబ్బా ఎలాగూ కొత్తదే. దాని మూత తీస్తే వచ్చే టప్ అనే చప్పుడు కూడా ఆమెకి ముచ్చటగానే ఉంది. ఇక మెట్ల దగ్గర స్కూటరు ఆపి, హెల్మెట్ తీయకుండానే "సాయంత్రం ఇక్కడే నిలబడతా, పరిగెత్తుకుంటూ రాకు, పడతావు" అని చెప్పి వెళ్లిన మనిషి అన్నిటికంటే కొత్త. పరిగెత్తొద్దన్నాడు గనక ఆమె పరిగెత్తుకుంటూనే మెట్లెక్కింది.

ఆఫీసులో అడుగుపెట్టగానే ఆమె సొంత పేరు ఎటు పోయిందో పోయింది. "పెళ్లికూతురు వచ్చింది!" అని ఎవరో అరిచారు. ఆ రోజు నుంచి ఆమె పెళ్లికూతురే.

ఆమె పని పత్రికలో అరచేయంత చోటుకి సంబంధించింది. లోపలి పేజీలో, వాతావరణం డబ్బాకీ ఇళ్ల అద్దె ప్రకటనలకీ మధ్యన ఇరుక్కుని ఉంటుంది. దాని పేరు ‘ఆరక్షరాలు’. రోజూ ఆరు ఇంగ్లీషు అక్షరాలు ఇస్తారు. ఆ ఆరూ ఉన్న ఇంగ్లీషు మాట ఒకటి పాఠకులు పట్టుకోవాలి. అక్షరాలు ఏ వరసలో వచ్చినా, మధ్యలో వేరేవి ఎన్ని దూరినా తప్పులేదు. ఇచ్చిన ఆరింటిలో ఒక్కటి మాత్రం తగ్గకూడదు. జవాబు మర్నాడు పేపర్లో వస్తుంది. బహుమతీ లేదు, పేరు వేయడమూ లేదు. అయినా పొద్దున్నే కాఫీ చల్లారబెట్టుకుని మరీ దానిమీద కూర్చునేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

పాఠకులకి తెలియనిది ఏమిటంటే, ఆమె ఆ పని వెనకనుంచి చేస్తుంది. ముందు మాట ఎంచుకుంటుంది. మందు సీసా మీదో, బస్సు వెనకో, సబ్బు కాగితం మీదో ఒక మంచి మాట కనిపిస్తే రోడ్డుమీద పావలా దొరికినంత సంబరపడిపోతుంది. తర్వాత అందులోంచి ఆరక్షరాలు పీకి, చిన్న కాగితం మీద ఒకవైపు అక్షరాలూ రెండోవైపు జవాబూ రాసి ట్రేలో వేస్తుంది. కనక జవాబు లేకపోవడమనే సమస్యే ఎప్పుడూ రాలేదు. తాళంచెవి జేబులో వేసుకున్నాకే కదా తాళం వేసేది!

ఆ పొద్దున మాత్రం ఆమె కుర్చీ దుమ్ము దులుపుకునేలోపే ఫోను మోగింది.

"ఏవమ్మా, ఇవాళ్టిది ఏమైనా కాస్త దారి చూపిస్తారా? మా ఆయన స్నానానికి లేవట్లేదు" అంది ఒకావిడ.

పెట్టేయగానే మళ్లీ మోగింది. ఈసారి మందుల షాపాయన. "మేడమ్, కొట్టు తెరిచినప్పటినుంచి ఇదే పని. ఒక మందు బదులు ఇంకో మందు ఇచ్చేస్తానేమోనని భయంగా ఉంది. ఉందా అసలు?"

"ఉంటుందండీ, ఉండకేం" అని నవ్వుతూ ఫోను పెట్టి, ఆ రోజు పేపరు తెరిచింది.

జె, హెచ్, ఏ, వి, కె, డి.

నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఆ అక్షరాలు ఏ మాటలోంచీ వచ్చినవి కావు. మొదటి మూడూ ఆమె పేరులోవి. తర్వాతి మూడూ ఆమె భర్త పేరులోవి.

పెళ్లి ముందు, సెలవు రోజులకి సరిపడా ఆరక్షరాలు ముందే రాసి పెడుతుండగా, అవతల అతను ఫోన్లో ఉన్నాడు. "మనిద్దరూ కలిసి ఉండే మాట ఒకటి ఇంగ్లీషులో ఉంటుందా?" అని ముచ్చటపడి, తన పేరులోంచి మూడూ అతని పేరులోంచి మూడూ తీసి కాగితం మీద రాసింది. ఎంత వెతికినా దొరకలేదు. "ఇంగ్లీషువాళ్లకి అంత అదృష్టం లేదులే" అన్నాడు అతను. ఆ మాటకి ఆమె మురిసిపోయి, కాగితం వెనక జవాబు ఉండాల్సిన చోట ఒక పువ్వు బొమ్మ వేసింది. వేసి ఎక్కడ పెట్టింది? చేయి అలవాటు కొద్దీ ట్రేలోనే పెట్టింది.

అంతలో పేజీలు పెట్టే అన్న ఆ పువ్వు కాగితం చేత్తో పట్టుకునే వచ్చాడు. "జవాబు చోట పువ్వుంది. వచ్చాక నువ్వే చెప్తావులే అని వేసేశానమ్మా" అన్నాడు.

అతణ్ణి అనడానికి ఏముంది? కాగితం ఆమెది, పువ్వు ఆమెది, సంబరం ఆమెది.

డెస్కు ఇన్‌ఛార్జిని అందరూ కత్తెరగారంటారు. ఏ వార్త వెళ్లినా సగం చేసి గానీ వదలరు. సొంత కొడుకు పెళ్లి శుభలేఖలో కూడా రెండు పంక్తులు కోసేశారని చెప్పుకుంటారు. పెళ్లికూతురు ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, ఇవాళ్టి ఆరక్షరాలకి జవాబు లేదు."

"లేదంటే? రాయడం మర్చిపోయావా?"

"కాదు సార్. అసలే లేదు. అలాంటి మాట పుట్టలేదు."

కత్తెరగారు కళ్లజోడు తీశారు. "లేదని నీకెలా తెలుసు? డిక్షనరీ అంతా చదివావా?"

"లేదు సార్."

"మరి చదువు. సాయంత్రం దాకా టైముంది. దొరికితే సరే, దొరక్కపోతే రేపు సవరణ వేద్దాం. అందాకా ఫోన్లో ఎవరికీ తప్పని ఒప్పుకోకు. ఒక్కళ్లకి చెప్తే ఊరంతా తెలుస్తుంది. పేపరు పరువు అరచేయంత చోటులో కూడా ఉంటుంది."

ఆ రోజు ఆఫీసంతా ఆ ఆరక్షరాల మీద పడింది. ఆటల వార్తలు రాసే అబ్బాయి ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు.

"దొరికింది! జాక్‌నైవ్స్, మడతకత్తులు! జె ఉంది, ఏ ఉంది, కె ఉంది, వి కూడా ఉంది!"

"హెచ్చూ డీ ఏవి?" అంది పెళ్లికూతురు.

"రెండేగా తక్కువ? నాలుగొచ్చాయి. క్రికెట్లో అయితే ఫోర్ కొట్టినట్టే."

"ఇక్కడ అవుట్ బాబూ" అంది అకౌంట్సు అక్క.

పెళ్లికూతురు కంప్యూటరులో ఒక పెద్ద మాటల పట్టీ తెరిచి ఆ ఆరక్షరాలూ ఇచ్చి వెతికించింది. అది క్షణమైనా ఆలోచించకుండా ‘ఏమీ లేవు’ అంది. ఇంకో పట్టీలో చూసింది. అదీ ఏమీ లేవంది. మనుషులైతే కనీసం కాసేపు బుర్ర గోక్కుని బాధ నటిస్తారు.

టీ వచ్చింది. టీతోపాటు ఒక ఫోను వస్తుందని ఆమెకి తెలుసు. తెలిసే ఆ రోజు టీ గ్లాసు ముట్టుకోలేదు.

ఆయన టీవేళ తాతగారు. రోజూ సరిగ్గా టీ పొగలు ఆరేలోపు ఫోను చేస్తారు. పలకరింపులూ గిలకరింపులూ ఉండవు. "అమ్మాయ్, హార్వెస్ట్. అంతేనా? ఉంటా." అంతే, పెట్టేస్తారు. మాట ఒక్కటే మారుతుంది. తప్పు చెప్పినట్టు ఆమెకి గుర్తు లేదు. ఒకే ఒకసారి, వాన కురుస్తున్న రోజున, కాస్త ఎక్కువసేపు మాట్లాడారు. ఆ మధ్య బజారుకి వెళ్లి ఇంటిదారి మర్చిపోయారట. ఎవరో తీసుకొచ్చి దింపారట. అప్పటినుంచి కూతురికి ఆయన్ని గుమ్మం దాటనివ్వాలంటే భయం. ఆయనకేమో స్కూలు వదిలేవేళకి వెళ్లి మనవరాలి చేయి పట్టుకుని ఇంటికి నడిపించుకు రావడం తప్ప రోజులో ఇంకో పని లేదు. అందుకని తండ్రీకూతుళ్ల మధ్య ఒక ఒప్పందం. మధ్యాహ్నం అన్నాలయ్యాక కూతురు "నాన్నా, ఆరక్షరాలు అయ్యాయా?" అని అడుగుతుంది. అయ్యాయంటే గొడుగు చేతికిచ్చి స్కూలుకి పంపిస్తుంది. అయ్యేవి. గొడుగు వచ్చేది. మనవరాలిని ఇంట్లో దింపాకే ఈ ఫోను చేసేవారు.

ఆ రోజు ఫోను మోగింది. ఎత్తగానే ఆమే ముందు పలకరించింది.

"తాతగారూ?"

"అమ్మాయ్... ఇవాళ నాకు అవలేదమ్మా."

"తాతగారూ, అది..."

"ఉండు, చెప్పనీ. పొద్దున్న నుంచి చూస్తున్నా. అక్షరాలు కళ్లముందే ఉన్నాయి, మాట మాత్రం రావట్లేదు. ఆ రోజు బజార్లో కూడా ఇంతే. రోడ్లన్నీ తెలిసినవే, ఏది మాదో తెలియలేదు. ఇవాళ స్కూలుకి వెళ్లలేదు. మా అమ్మాయి అడగకముందే నేనే వెళ్లనని చెప్పేశా. చంటిదాని చేయి పట్టుకుని నడిరోడ్డు మీద ఏ మలుపో మర్చిపోతే? దానికేమో నేనున్నానని ధైర్యం, నాకేమో నేను ఎక్కడున్నానో తెలియదు."

పెళ్లికూతురి కళ్లు కత్తెరగారి బల్ల వైపు వెళ్లాయి. ఆయన ఎవరి వార్తో కోస్తున్నారు. ఫోను చేత్తో మూసుకుని గొంతు తగ్గించింది.

"తాతగారూ, తప్పు మీది కాదు, నాది. ఆ అక్షరాలకి జవాబే లేదు. నేను పొరపాటున వేరే కాగితం పెట్టేశాను. ఒట్టు."

అవతల చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు వింటే ఆమెకి ఏడుపొచ్చింది.

"నీ మనసు మంచిదమ్మా. పెళ్లయిందటగా, చల్లగా ఉండు. కానీ మా పక్కింటి ప్లీడరుకి దొరికింది."

"ఏం దొరికింది?"

"జవాబు. పొద్దున్న గోడ మీదనుంచి అడిగాడు, ఏరా అయిందా అని. ఇంకా లేదన్నాను. నాకు కాఫీ తాగుతుండగానే తట్టింది అన్నాడు."

"ఏం మాటో చెప్పారా?"

"అడిగితే ‘చెప్తే నీకు మజా ఏముంటుంది, వెతుక్కో’ అన్నాడు."

"తాతగారూ, ఆయన చెప్పింది నిజం కాదు. లేని మాట ఎలా దొరుకుతుంది?"

"చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నాం, అమ్మాయ్. వాడు కోర్టులో ఆడుంటాడేమో గానీ నాతో అబద్ధం ఆడడు." గొంతు మళ్లీ సన్నబడింది. "ఇన్నేళ్లలో వాడికి నాకంటే ముందు దొరకడం ఇదే మొదలు. అంటే వాడు ఎక్కినట్టు కాదు, నేను దిగినట్టు. సరే, ఉంటా."

ఇంకేం చెప్పాలి? నిజం చెప్పింది. నిజం కంటే పెద్దది ఆమె దగ్గర ఇంకేమీ లేదు. చల్లారిన టీ వైపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం మెట్లు దిగేటప్పుడు పరిగెత్తలేదు. అది చూసే అతను కంగారుపడ్డాడు.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతుల మీద గ్రీజు ఎంత కడిగినా గోళ్ల చివర నల్లగా ఉండిపోతుంది. ఆ నలుపు కూడా ఆమెకి ముచ్చటే. వాళ్లిద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు ‘నువ్వు’ అనీ, అత్తగారి ముందు ‘మీరు’ అనీ అంటుంది. మధ్యలో తడబడి ‘నువ్వండీ’ అని కూడా ఒకసారి అనేసింది. అత్తగారు ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

ఇంటికొచ్చాక హాల్లో ఉతికిన బట్టలు కుప్పగా పోసుకుని ముగ్గురూ మడతలు పెడుతున్నారు. సంగతంతా విన్నాక అత్తగారు చెంగుతో మూతి మూసుకుంది.

"అంటే ఇంగ్లీషులో అన్ని లక్షల మాటలుండి, మీ ఇద్దరికీ కలిపి ఒక్కటి లేదా? ముందే చెప్పి ఉంటే ఇంకో సంబంధం చూసేవాళ్లం కదే!"

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నిన్ను కాదురా, దాన్ని అంటున్నా. మంచిపిల్ల, పాపం, వేరే అక్షరాలవాడు దొరికేవాడు."

పెళ్లికూతురు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అత్తగారు మడత పెడుతున్న తువ్వాలే ఆమె చేతికి అందించింది.

"ఏడవకే. రేపు పేపర్లో వేస్తారుగా తప్పని. అచ్చులో చూస్తే ఆయనే నమ్ముతాడు. మా కాలంలో అచ్చయిందంటే దేవుడు చెప్పినట్టే."

"నువ్వు... మీరేమంటారు?" అని అతణ్ణి అడిగింది.

అతను దిండు గలీబులు జత కలుపుతూ ఆలోచించాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది చూడు. నేను వెళ్లగానే బయటనుంచి అరుస్తాను, ‘ఇది కింద పడదు, పడలేదు, పడటం కుదరదు’ అని. నిజమే చెప్తాను. లోపల ఒక్కడూ నమ్మడు. ఎందుకంటే లోపలే ఎవడో ఒకడుంటాడు, ‘తాడు తెగిపోతోంది, నాకు చప్పుడు వినిపించింది’ అంటాడు. బయటున్న మెకానిక్ మాట కంటే పక్కనున్నవాడి మాటే ఎక్కువ."

"మరి ఏం చేస్తావు?" ఈసారి ‘మీరు’ గుర్తు రాలేదు. అత్తగారూ పట్టించుకోలేదు.

"ఏముంది చేయడానికి? తలుపు తెరుచుకునేదాకా వదలకుండా మాట్లాడుతూ ఉంటా."

సవరణ ఆమే రాసింది. మర్నాటి పేపరు కోసమని సాయంత్రం బయల్దేరేముందే ఆరు పంక్తులు రాసి ఇచ్చి వచ్చింది. ఆ ఆరింటిలో నాలుగో పంక్తి ఒక్కటీ తాతగారి కోసం: ‘ఈ అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లీషు మాట ఏదీ లేదు, ఎవరికైనా దొరికిందంటే అది నిజం కాదు.’ పొద్దున్న పేపరు తెరిస్తే అక్కడ ఒకే పంక్తి మిగిలి ఉంది. ‘నిన్నటి ఆరక్షరాలకు జవాబు లేదు, చింతిస్తున్నాం.’

"సార్, నాలుగో పంక్తి..."

"చోటు లేదు. అయినా అదేం పంక్తి? పాఠకుల్ని అబద్ధాలకోరులని తిట్టినట్టుంది" అన్నారు కత్తెరగారు, చేతిలో ఇంకేదో కోస్తూ.

టీ వచ్చింది. ఫోను కూడా వచ్చింది.

"అమ్మాయ్, చూశాను" అన్నారు తాతగారు. గొంతులో తడి ఉంది. "నా కోసం పేపర్లో కూడా వేయించావా? మీవాళ్లు నిన్ను ఏమీ అనలేదు కదా?"

ఇంతకంటే ఏం రుజువు తేవాలి? అచ్చయిందే అబద్ధమైపోతే, ఇక నిజాన్ని ఎక్కడ రాసి చూపించాలి?

"మీ కోసం కాదు తాతగారూ. నిజంగానే లేదు. కంప్యూటరు కూడా లేదంది."

"ప్లీడరు కూడా చూశాడు పేపరు. ‘వాళ్లకి దొరక్కపోతే లేదని వేసేస్తారా? నాకు దొరికిందిగా’ అన్నాడు."

"ఇవాళ్టిదో? ఇవాళ్టి ఆరక్షరాలు అయ్యాయా?"

"అయ్యింది. లాంగ్వేజ్ కదూ? కానీ... ఇవాళ తేలిగ్గా ఇచ్చావేమోనని అనిపించింది. నిజం చెప్పు. ముసలాడి కోసం తేలిక చేశావా?"

ఆ కాగితం పెళ్లికి ముందు రాసిపెట్టినది. ఆ మాటే చెప్పింది. ఆయన "అలాగేలేమ్మా" అన్నారు. ఆ ‘అలాగే’లో ఒక్క పిసరు నమ్మకం లేదు. ఇప్పుడు దొరకని మాటా ఆయన్ని భయపెడుతోంది, దొరికిన మాటా భయపెడుతోంది. గొడుగు ఇవాళ కూడా మూలనే ఉందట. మనవరాలు వెళ్లేటప్పుడు "తాతా, నువ్వు నా మీద అలిగావా?" అని అడిగిందట.

భర్త మాట గుర్తొచ్చింది. తలుపు తెరుచుకునేదాకా మాట్లాడుతూ ఉండాలి. గొడుగు ఏ రంగని అడిగింది. మనవరాలు ఏ క్లాసని అడిగింది. ఆయన పొడిపొడిగా చెప్పారు. చివరికి అడిగింది, "ప్లీడరు గారు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఇక్కడే. నా ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు. ఇదిగో, వాడితో మాట్లాడతావా?"

ఫోను చేతులు మారింది. గంభీరమైన గొంతు ఒకటి వినిపించింది. "హలో. చెప్పండి."

"నమస్కారమండీ. ఆరక్షరాలు పెట్టేది నేనే. మీకు దొరికిన మాట ఏమిటో చెబుతారా? రేపు పేపర్లో మీ పేరుతో వేస్తాం."

జవాబుకి బదులు కుర్చీ జరిగిన చప్పుడు, అడుగుల చప్పుడు, ఏదో తలుపు మూసిన చప్పుడు. మళ్లీ వచ్చిన గొంతులో గాంభీర్యం ఎక్కడా లేదు.

"అమ్మా, నీ పుణ్యం ఉంటుంది. నా పరువు తీయకు."

"అంటే మీకు దొరకలేదు."

"ఎన్నాళ్లనుంచో రోజూ పేపరు కొంటున్నాను. రోజూ గోడ దగ్గరికి వెళ్లడం, ‘ఏరా అయిందా’ అనడం, వాడు ‘ఎప్పుడో అయింది’ అనడం. బళ్లో లెక్కలు కూడా వాడివి చూసే వేశాను. నిన్న మొట్టమొదటిసారి వాడు ‘ఇంకా లేదు’ అన్నాడు. నా నోరు నాకు తెలియకుండానే ‘నాకయింది’ అనేసింది. ఎంత హాయిగా ఉందో తెలుసా అమ్మా? ఒక్క గంట. ఒక్క గంట గెలిచాను."

"ఆ గంట వల్ల ఆయన స్కూలుకి వెళ్లడం మానేశారు. మీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది, నీతో చెబుతుంటే విన్నాను. ఇప్పుడు కాదంటే? ఎలా కాదనను? వాడి దగ్గర నా మాటొకటే మిగిలింది. అది అబద్ధమని తెలిస్తే ఇన్నేళ్ల మాటలన్నీ అబద్ధాలవుతాయి. నువ్వు వాడికి చెప్పకు. నేనే ఏదో ఒకటి చేస్తాను."

"ఏం చేస్తారు?"

"అదే తెలియడం లేదు" అని ప్లీడరు గారు ఫోను పెట్టేశారు.

ఆ సాయంత్రం ఆమె స్కూటరు వెనక కూర్చుని దారంతా మాట్లాడలేదు. పెళ్లయ్యాక అలా కూర్చోవడం అదే మొదటిసారి. అతను రెండుసార్లు వెనక్కి తిరిగి, దిగిపోలేదు కదా అని చూసుకున్నాడు. చెప్పేస్తే ఒక ముసలాయన స్నేహం పోతుంది, చెప్పకపోతే ఇంకో ముసలాయన గొడుగు పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో చిన్నప్పుడు బళ్లో అర్థం రాసి మార్కులు తెచ్చుకుంది గానీ, నిజంగా తెలిసింది ఆ రోజే.

మర్నాడు టీ వచ్చింది. పొగలు ఆరిపోయాయి. ఫోను మోగలేదు. గ్లాసులు తీసుకుపోయారు. ఫోను మోగలేదు. ఆటల అబ్బాయి "ఏంటి, ఇవాళ తాతగారు సెలవా?" అన్నాడు. ఆమె ఫోను ఎత్తి పనిచేస్తోందో లేదో చూసుకుంది. చూస్తున్న ఆ క్షణంలోనే ఆయన చేస్తే తగలదేమోనని చటుక్కున పెట్టేసింది. తానే చేద్దామా అంటే, చేసి ఏం చెబుతుంది? చెప్పాల్సిన నిజం రెండుసార్లు చెప్పింది, ఒకసారి అచ్చేసింది కూడా.

కత్తెరగారు బల్ల సర్దుకుంటుండగా మోగింది.

"అమ్మాయ్!"

అవతల ఎవరో చిన్నపిల్ల ఏదో అడుగుతోంది. తాతగారు "ఉండవే బంగారూ, ఇస్తా" అంటున్నారు. ఆ పైన నవ్వు. మొన్నటి నవ్వు కాదు, పొట్టలోంచి వచ్చే నవ్వు.

"అమ్మాయ్, పొద్దున్న ప్లీడరు వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేడు. వచ్చి, ‘ఇదిగోరా, నాకు దొరికిన మాట ఇదే, ఇంక నిన్ను సతాయించను, చూసుకో’ అని కాగితం ముందు పెట్టాడు. ఏముందనుకున్నావ్? జాక్‌హ్యామర్డ్!"

"జాక్‌హ్యామర్డ్?"

"రోడ్లు పగలగొడతారే, దడదడమని, ఆ యంత్రంతో పగలగొట్టినట్టు అని అర్థమట. జె ఉంది. హెచ్ ఉంది. ఏ ఉంది, ఒకటి కాదు రెండున్నాయి. కె ఉంది, డి ఉంది. కాగితం ఇలా బల్ల మీద పెట్టాడో లేదో, నా నోట్లోకి వచ్చేసింది, వి ఏదిరా అని."

"అడిగేశారా?" ఆమె లేచి నిలబడింది.

"నోట్లోకి వచ్చింది, బయటికి రానివ్వలేదు." తాతగారు గొంతు బాగా తగ్గించారు. "వాడి మొహం చూశాను. అప్పుడు అర్థమైంది అమ్మాయ్, వాడికి ఆ రోజు ఏమీ దొరకలేదు. నువ్వు చెప్పిందే నిజం. నువ్వు చెప్పినప్పుడు నమ్మలేదు చూడు, దానికి ఏమీ అనుకోకు. వాడు రెండు రాత్రులు కూర్చుని అయిదక్షరాలదాకా వచ్చాడు పాపం. జన్మలో అంతదూరం రాలేదు. ఆరోది లేదని వాడికి తెలియనే తెలియదు. ‘అవున్రా, నువ్వే గెలిచావు’ అన్నాను. ఎంత పొంగిపోయాడో!"

పెళ్లికూతురు మళ్లీ కూర్చుంది. "మరి గొడుగు?"

"మా అమ్మాయి చేతిలోంచి నేనే లాక్కున్నా. వి లేదని కళ్లు పడగానే పట్టినవాణ్ణి, మలుపు మర్చిపోతానా? ఇదిగో, ఇది పక్కనే ఉంది, పెన్సిలు చెక్కమని ప్రాణం తీస్తోంది. అందుకే ఇవాళ ఆలస్యం. దారిలో ప్రతి మలుపూ దీనికి పేరు పేరునా చూపించుకుంటూ వచ్చా." ఆ మాటలో మాత్రం కాస్త పాత భయం తగిలింది. దాన్ని ఆయన వెంటనే మింగేశారు. "సరే గానీ, వి సంగతి నాకు తెలుసని వాడితో అనకేం. వాడు సిగ్గుతో చచ్చిపోతాడు."

"అననండీ."

"ఒట్టు?"

"ఒట్టు."

ఫోను పెట్టింది. చేయి ఇంకా దాని మీదే ఉంది, మళ్లీ మోగింది. ఈసారి ప్లీడరు గారు.

"అమ్మా, నమ్మాడు! నీకు దండం పెడతా, వి లేదని వాడికి పొరపాటున కూడా చెప్పకు."

"మీకు తెలుసా, వి లేదని?"

"ఎందుకు తెలియదు? ఆరో అక్షరం కోసమే నిన్న రాత్రంతా పోయింది. దొరక్క, అయ్యేది అవుతుందని తీసుకెళ్లిపోయా. వాడు చూసి కూడా పట్టుకోలేదు." అంతలోనే ఆ గొంతు బెంగగా అడిగింది. "అమ్మా, పట్టుకోలేదంటే... వాడి బుర్ర నిజంగానే..."

పెళ్లికూతురు నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చింది. మూసుకుంది.

"లేదండీ. ఆయన బాగున్నారు. నా మాట నమ్మండి."

"నా కోసం అంటున్నావులే తల్లీ" అన్నారు ప్లీడరు గారు.

కింద స్కూటరు హారన్ రెండుసార్లు మోగింది. ఆమె ఫోను చెవి దగ్గరే పట్టుకుని, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా అందుకుని, అలా నిలబడిపోయింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు, మాట్లాడుతూనే ఉండాలి.

"ప్లీడరు గారూ," అంది చివరికి, "మీ గొడుగు ఏ రంగండీ?"